మన్రో దొర తలపెట్టిన బడులు

ఒక గ్రామమందలి బడి బాగుపడుట అంత అరుదైన సంగతి కాదు. శ్రద్ధగల ఉపాధ్యాయు డొకడు వచ్చును. ఊరి పెద్ద యొకడు వానికి అండగా నిలుచును. రెండేండ్లలో పిల్లలు తడుముకొనక చదువ నేర్తురు. తరువాత ఆ ఉపాధ్యాయుడు బదిలీయై పోవును, ఆ పెద్ద కాలము చేయును, బడి మరల పూర్వస్థితికి దిగును. ప్రక్కయూరి బడివారికి ఆ నడుమ జరిగిన మేలు సంగతియే తెలియకపోవును. అరుదైనది వేరొకటి కలదు. ఒక బడిలో కుదిరిన మేలును నిలబెట్టుట, నిలబెట్టి రెండవ బడికి, మూడవ బడికి ప్రాకించుట. నంద్యాల, ఆళ్లగడ్డ సీమలలో తమ యూరి బడినిగూర్చి చింతించు ప్రతి గృహస్థునకును ఎరుకైన ఈ చిక్కును, రెండువందల యేండ్లక్రిందట లెక్కలు తెప్పించి, ఖర్చు కట్టి యోచించిన పాలకు డొకడుండెను. ఆయన విదేశీయుడు, మనలను జయించిన కుంపిణీవారి కొలువులోని సైనికుడు. పేరు సర్ తామస్ మన్రో.

జాతీయపత్రిక యొక తెల్లదొర చరిత్రను వ్రాయుట యేమని కొందరు ముక్కుమీద వ్రేలు వేసికొందురేమో. ఆయనవలన ఈ సీమకు గలిగిన అపకారమునుగూడ మేము దాచబోము. కాని శత్రువు చేసిన యోచనలో మనకు పనికివచ్చునది యున్నయెడల దానిని విడిచిపెట్టుట వివేకము కాదు. అదియునుగాక, ఆ యోచన నెరవేరక చెడిన తీరు మరింత పనికివచ్చునని మా యభిప్రాయము.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికావారు స్వాతంత్ర్యయుద్ధము సాగించుటతో ఆ వ్యాపారము మునిగిపోయెను. ఒక దేశము స్వేచ్ఛను గోరి పోరాడగా, ఆ పోరాటమువలన దివాలా తీసిన యింటి బిడ్డ మరియొక దేశమును లోబరచుకొను పనికై బయలుదేరుట విధివైపరీత్యము గాక మరేమి? 1780లో ఆయన చెన్నపట్టణమునకు పదాతిదళమున చిన్న యుద్యోగిగా వచ్చి, హైదరాలీతోను, పిమ్మట టిప్పుసుల్తానుతోను జరిగిన యుద్ధములలో పనిచేసెను. 1792 మొదలు బారామహలులో కెప్టెన్ రీడు క్రింద పన్నుల బందోబస్తు నేర్చెను. రైతుతో సర్కారు నేరుగా మాటాడుకొను రైతువారీ పద్ధతి అచ్చటనే రూపుగట్టినది. కొంతకాలము కన్నడ తీరమును పాలించి, 1800లో నిజాము కుంపిణీకి ధారాదత్తము చేసిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను.

అప్పటి దత్తమండలములందు ఎనుబదిమంది పాలెగాండ్రు కోటలు గట్టుకొని యుండిరి. మన్రో వారిని ఏడేండ్లలో అణచివైచెను. కొందరి పాలెములు లాగికొని పింఛనులు విధించెను. కోవెలకుంట్ల ప్రాంతపు నొస్సము పాలెము ఆ దెబ్బ తిన్నవానిలో నొకటి. ఆ వంశపు పింఛను తగవులోనుండియే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కత్తి దూసి, 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరికంబ మెక్కెను. ఆ తల కోటగుమ్మమున ముప్పదియేండ్లు వ్రేలాడినది. మన్రో అప్పటికి గతించి యిరువదియేండ్లయ్యెను. కాని విత్తనము ఆయన నాటినదే. ఈ సంగతిని మరచి ఆయనను పొగడువారితో మేము ఏకీభవింపజాలము.

అయినను, గుఱ్ఱముమీద ఊరూర దిరిగి, డేరాలలో నివసించి, రైతుల మొరలను తన చెవులతో వినిన కలెక్టరాయన. పొలములన్నియు కొలిపించి శిస్తు గట్టించిన పిమ్మట, ఆ శిస్తు హెచ్చైనదని తానే యొప్పుకొని, నాలుగవవంతు తగ్గింపుడని 1807లో పైవారికి వ్రాసిపోయెను. పైవారు వినలేదు. ఆయన సీమకు పోయిన వెనుక రైతువారీని త్రోసి గ్రామములను గుత్తకిచ్చిరి. ఎన్నో కాపుకుటుంబములు చితికిపోయినవి. భూములు గల మా పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ముందు చెప్పబోవు బడుల క్షీణతకు దీనితో సంబంధము గలదు. దత్తమండలములలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిన కాలమొకటుండెనని పెద్దలు చెప్పుదురు. జనుల హృదయము విచిత్రమైనది. అణచినవానిని, ఆలకించినవానిని ఒకే మనిషిలో చూచి, రెండవవానినే జ్ఞాపకముంచుకొన్నది.

ఇంగ్లండులో నుండగా 1813లో పార్లమెంటువారు ఆయనను సాక్ష్యమడిగిరి. హిందువులకు నాగరకత నేర్పవలెనని అచ్చట పలువురు వాదించుచుండిరి. మన్రో ఆ వాదమును ఒప్పలేదు. మంచి సేద్యము, నిపుణమైన చేతిపనులు, ప్రతి గ్రామమున చదువను, వ్రాయను, లెక్కింపను నేర్పు బడులు, అతిథి మర్యాద, స్త్రీలయెడ గౌరవము - ఇవి నాగరకతకు గురుతులైనచో హిందువు లెవ్వరికిని తీసిపోరని, రెండు దేశములనడుమ నాగరకతయే సరుకుగా వ్యాపారము జరిగినచో దిగుమతివలన లాభము ఇంగ్లండునకేయని ఆయన చెప్పెను. అప్పటి సీమదొరలలో ఈ మాట చెప్పగలవారు మిక్కిలి కొద్దిమంది.

1820లో మన్రో చెన్నరాజధానికి గవర్నరయ్యెను. ఊరూర బడులున్నవని పార్లమెంటులో చెప్పిన మనిషికి, ఆ బడులెన్ని, ఎట్టివి యను సందేహము సహజముగ పుట్టియుండును. 1822 జూన్ 25న ఆయన యొక యుత్తరువు వ్రాసెను. ప్రతి కలెక్టరును తన జిల్లాలోని బడుల జాబితా పంపవలెను. పిల్లలెందరు, వా రేయే కులములవారు, ఏ పుస్తకములు చదువుదురు, ఎన్నేండ్లు చదువుదురు, పంతులకు ఇచ్చు జీతమెంత, బడికి మాన్యమేదైన గలదా - ఇవన్నియు తెలుపవలెను. అందులోనే ఒక హెచ్చరికయు గలదు. ఇది విషయము తెలిసికొనుటకే గాని, ప్రజల బడులలో జోక్యము కలిగించుకొనుటకు కాదు. బడులకు కలిగిన మాన్యములు అన్యాక్రాంతమైయున్న తిరిగి యిప్పింపవచ్చును. తక్కినదానిని ప్రజలకే విడువవలెను. లెక్కలన్నియు చేరుటకు మూడేండ్లు పట్టెను.

వచ్చిన జాబులలో మిన్నయైనది బళ్లారి కలెక్టరు ఏ. డీ. క్యాంబెలుది. తెలుగు వ్యాకరణమును 1816లో ఇంగ్లీషున ప్రకటించిన క్యాంబె లీయనయే. 1823 ఆగస్టులో వ్రాసిన ఆ నివేదిక మన వీధిబడికి అద్దమువంటిది. బళ్లారి జిల్లాలో 533 బడులు. అందు కన్నడమువి 235, తెలుగువి 226, సంస్కృతమువి 23, మరాఠీవి 23, పారసీవి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒక్కటి. చదువువారు 6,641 మంది. అందు హిందూబాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షల పైచిలుకు.

అయిదవయేట శుభదినమున పంతులు, తోడిపిల్లలు ఇంటికి వచ్చి, విఘ్నేశ్వరుని పూజించి, బిడ్డచేత బియ్యములో వ్రేలితో అక్షరములు దిద్దించుటతో చదువు మొదలు. తెల్లవారగానే బడి. మొట్టమొదట వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి బెత్తముతో ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు వచ్చినకొలది పెరుగును. మాలో పెద్దవారు కొందరు ఈ వరుసను తమ పెద్దలవలన వినియుందురు. ఇసుకలో గుంట ఓనమాలు దిద్దిన తరువాతనే తాటాకు, గంటము, కడితము చేతికి వచ్చును. బడిలో సాధారణముగ నాలుగు తరగతులు. క్రింది తరగతుల పిల్లలకు పై తరగతివారు చెప్పుదురు. పంతులు పైవారికి చెప్పుచు, బడియంతటిమీద కన్ను వేసియుండును. చెప్పినవానికి తన చదువు గట్టిపడును, విన్నవానికి క్రొత్తచదువు వచ్చును, రెండవ పంతులు జీతము మిగులును. ఈ యేర్పాటు మెచ్చదగినదని, ఇంగ్లండువారు దీని ననుకరించుట తగియున్నదని క్యాంబెలు వ్రాసినాడు.

ఆ యనుకరణ కథ వినదగినది. ఆండ్రూ బెల్ అను పాదిరి చెన్నపట్టణపు ఎగ్మూరులోని అనాథ బాలుర బడికి అధికారిగా నుండి, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రాసికొనుట చూచి, తన బడిలోను ఇసుక పరపించెను. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించెను. 1797లో లండనున ఆ సంగతిని పుస్తకముగ ప్రకటించెను. లాంకాస్టరను మరియొకడు అట్టి పద్ధతినే లండనులో నడపెను. 1811లో అచ్చటి మతసంఘమువారు బెల్ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేయుటకు ఒక సంఘమునే స్థాపించిరి. బడులకు బడులు లేచినవి. దానికి పేరు మద్రాసు పద్ధతి. మన వీధియరుగుమీది పద్ధతి సముద్రము దాటి వేలకొలది బడులకు ప్రాకినది; మన తాలూకాలో ఒక యూరినుండి ప్రక్కయూరికి మెరుగుపడి ప్రాకలేదు. అచ్చట ముద్రించిన పుస్తకము, ధనమిచ్చు సంఘము, వచ్చి చూచుకొను బడి ఉండెను. ఇచ్చట ఆ మూడును లేవు. బెల్ ప్రతిభకంటె ఈ మూటికే మేము ఎక్కువ విలువ నిత్తుము.

క్యాంబెలు మెప్పుతో నిలిచినవాడు కాడు. పిల్లలు పద్యములు చిలుకలవలె వల్లించుటయే గాని అర్థ మెరుగరనియు, పంతులకును పలుమారు తెలియదనియు, పుస్తకములు తప్పులతడక లనియు వ్రాసెను. మన మొప్పుకొనక తప్పదు. కోదండము వేయించు పంతులను తలచుకొని మురియువా రుందురు గాని, అర్థము లేని చదువుకు దెబ్బలు కూడ తోడగుట యేమి సొగసు? కాని ఆ కలెక్టరు మరియొక సంగతి వ్రాసినాడు. మన జాతీయవాదులు తరువాత వేదికలమీద చెప్పినది అదియే. పూర్వము బడులున్న అనేక గ్రామములలో నేడు బడి లేదు. కారణము దేశము పేదపడుట. సీమగుడ్డ వచ్చి నేతగాండ్ర నోటిలో మన్ను కొట్టినది; ధనము దేశాంతరము పోవుచున్నది; పూర్వపు ప్రభువులు విద్యకిచ్చిన ఆదరువును కుంపిణీ సర్కా రియ్యలేదు. పని చేయగల ప్రాయము రాగానే బిడ్డను బడి మాన్పించి కూలికి పంపుచున్నారు. సర్కారు కలెక్టరే సర్కారుపై మోపిన నేరమిది.

రాజధాని యంతటిలో తేలిన లెక్క 12,498 బడులు, చదువువారు 1,88,650, అందు బాలికలు 4,540 మాత్రమే. జనసంఖ్య ఒక కోటి యిరువదియెనిమిది లక్షలకు పైన. 1826 మార్చి 10న మన్రో ఈ లెక్కలపై తన యభిప్రాయము వ్రాసెను. అయిదు మొదలు పదియేండ్ల మగపిల్లలలో నాలుగవవంతు బడికి పోవుచున్నారని కట్టి, ఇంటివద్ద చదువువారిని గూడ చేర్చినచో మూడవవంతునకు దగ్గరగునని తలచెను. చెన్నపట్టణములో ఇంటి చదువువారు బడి చదువువారికి సుమా రైదురెట్లని వచ్చిన లెక్కను మాత్రము ఆయన పూర్తిగా నమ్మలేదు. మొత్తముమీద ఇది తన దేశముకంటె తక్కువయే గాని, కొలదికాలము క్రిందటి యూరోపు దేశములు పెక్కింటికంటె మేలని తీర్పు చెప్పెను. 1931లో గాంధీమహాత్ముడు లండనులో భారతదేశపు చదువు ఇంగ్లీషువారి యేలుబడిలో తగ్గినదని చెప్పి పెద్ద వివాదము లేపినప్పుడు, 1983లో ధర్మపాల్ ఈ జాబులనన్నిటిని అచ్చువేసినప్పుడు, ఈ లెక్కలే మరల వెలుగులోనికి వచ్చినవి. బాలికల అంకెను, బడిగడప త్రొక్కని కులముల సంగతిని మరచి పూర్వకాలమును స్వర్గముగ వర్ణించుట మాకు సమ్మతము కాదు. అయినను ఆ 12,498 బడులు సర్కారు కాసు లేకుండ ప్రజలు నిలుపుకొన్న బడులు.

ఇక మన్రో యోచన. పంతులకు నెలకు ఆరేడు రూపాయలకంటె ముట్టుట లేదు. ఆ జీతమునకు సమర్థుడు రాడు. అసమర్థుడు చెప్పు చదువునకు ప్రజలు సొమ్ము పెట్టరు. సొమ్ము లేక జీతము పెరుగదు. ఈ గానుగనుండి బడిని బయటికి లాగుటకు ఆయన పైనుండి క్రిందికి దిగు నిచ్చెన యొకటి కల్పించెను. చెన్నపట్టణమున ఉపాధ్యాయులను తయారుచేయు బడి యుండవలెను. ప్రతి జిల్లానుండి ఇద్దరు యోగ్యులు వచ్చి అచ్చట నేర్చుకొనవలెను. వారు మరలిపోయి జిల్లాలో హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి పెద్దబడులు నడుపవలెను. ఇరువది జిల్లాలకు నలుబది. పిమ్మట యోగ్యులు దొరకినకొలది తాలూకాకొక బడి చొప్పున మూడువందలు. జిల్లా పంతులకు నెలకు 15 రూపాయలు, తాలూకా పంతులకు 9 రూపాయలు సర్కారు ఇచ్చును. పిల్లలవద్ద మరి యంత దొరకును. తమ స్కాట్లండులోని ఊరిబడి పంతులకంటె వీని స్థితి మేలుగా నుండునని ఆయన లెక్క. పాఠ్యపుస్తకముల సంఘమునకిచ్చు నెలకు 700 రూపాయలతో గూడ మొత్తము ఖర్చు నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు. కోటింబాతిక జనమునకిది!

ఈ యోచనలో మేము మెచ్చునది రూపాయల లెక్క కాదు, వరుస. ముందు పంతులు, తరువాత బడి. పంతులు తయారు కానిచోట బడి పెట్టరాదు. నేర్చినవాడు నేర్పగా మరియొకడు నేర్వవలెను. వీధిబడిలో పై తరగతివాడు క్రింది తరగతివానికి చెప్పునట్లే, బడికి బడి చెప్పవలె నన్నమాట. మేము తప్పు పట్టునది మరియొకటి. తాలూకా బడి ఊరిబడిని ఎట్లు బాగుచేయవలెనో అందులో లేదు. మంచిబడి యొకటి కండ్లబడినచో తక్కినవి తమంత తాము చూచి నేర్చుకొనునని మన్రో నమ్మినట్లున్నది. చెరువు నిండినంత మాత్రమున పొలము తడియునా? తూము తీయువాడు, కాలువ త్రవ్వువాడు వేరుగ కావలెను. నీరుకట్టు సంగతి తెలిసిన కలెక్టరు దీనిని మరచుట ఆశ్చర్యము.

ఈ పనిని నడుపుటకు 1826లో విద్యాసంఘ మొకటి యేర్పడెను. మన్రో అప్పటికే పదవి విడువ ననుజ్ఞ గోరియుండెను. క్రొత్త గవర్నరు రాక యాలస్యమాయెను. ఆ నడుమ తాను మొదట పాలించిన దత్తమండలములను కడసారి చూచిపోవలెనని 1827 మేనెల చివర చెన్నపట్టణమునుండి బయలుదేరెను. దారిలో విశూచి వ్యాపించియుండెను. గుత్తి చేరి, పత్తికొండకు వచ్చి, జూలై 6 ఉదయమున వ్యాధిబారిన పడి, ఆ రాత్రియే మరణించెను. గుత్తిలో పాతిపెట్టిరి, పిమ్మట అస్థులను చెన్నపట్టణపు కోటలోని గుడికి మార్చిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము సర్కారువారు బావి త్రవ్వించి తోపు వేయించిరి. బడి కట్టించినట్లు కానరాదు.

కుంపిణీ డైరెక్టర్లు 1828లో ఖర్చునకు సమ్మతించిరి. కాని యోచించినవాడు లేడు. అనుకొన్న మూడువందల తాలూకా బడులలో వెలసినవి చాల కొలది. వెలసినవానికిని పంతులను ఏరుటలో యోగ్యతకంటె కచేరి పలుకుబడికే చెల్లుబడి హెచ్చాయెను. పోయి చూచువాడు లేడు; చూచి చెప్పినను వినువాడు లేడు. తొమ్మిది రూపాయలకు శిక్షణ పొందినవాడు నిలువలేదు. 1830లో డైరెక్టర్ల తలపు మారినది. పై తరగతులవారికి ఇంగ్లీషుచదువు చెప్పినచో అది క్రిందికి వడిసి దిగునని వారికి తోచెను. 1835లో కలకత్తాలో మెకాలే పక్షము గెలిచెను. 1836లో చెన్నరాజధాని జిల్లాబడులను, తాలూకాబడులను ఎత్తివేసిరి. పుట్టి పదియేండ్లు నిండలేదు. బడులు చెడిపోయినవి గనుక ఎత్తివేసితి మనిరి. చెడుటకు కారణమైన జీతమును, తనిఖీలేమిని దిద్దుట కెవ్వరును పూనుకొనలేదు. పైరు ఎండినదని పొలమునే బీడు పెట్టినట్లున్నది.

నంద్యాల, ఆళ్లగడ్డ పాఠకులు ఇంతవరకు తమ యూరి లెక్క యేదియని వెదకుచుందురు. ఆ లెక్క లేదు. 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో నేడు చేరియున్న కోవెలకుంట్ల సీమ అప్పట్లో కడప జిల్లాలోనిది. ఆ జిల్లానుండి వచ్చిన 494 బడుల లెక్కలో అచ్చటి బడులును గలవు. నంద్యాలయు, ఆళ్లగడ్డ చేరిన సిరివెళ్ల తాలూకాయు మాత్రము అప్పటికి కర్నూలు నవాబు క్రింద నుండినవి. మన్రో యుత్తరువు వానికి చెల్లలేదు. కొలది మైళ్ల దూరమున కోవెలకుంట్ల పంతులు తన పిల్లలను లెక్కపెట్టి కచేరికి వ్రాయించుచుండగా, ఆళ్లగడ్డ పంతులు అరుగుమీద ఏమి చెప్పెనో, ఎందరికి చెప్పెనో ఎవరును అడుగలేదు. గులాం రసూల్ ఖాను నవాబును తొలగించి కుంపిణీవారు కర్నూలును కలుపుకొన్నది 1839లో. తాలూకాకొక బడి యను యుత్తరువు రద్దయి అప్పటికి మూడేండ్లు.